అక్క చేతిరాతతో తెలుగు ఫాంట్: నా అనుభవం

తెలుగులో చేతిరాత ఫాంట్ చేద్దామనుకునేవాళ్ళు ముందు అక్షరాల లెక్క చూసి భయపడతారు. అచ్చులు, హల్లులు, గుణింతాలు, ఒత్తులు అన్నీ కలిపితే వందల బొమ్మలు గీయాలి. నిజమే, పని చాలా ఉంది. కానీ అసలు కష్టం ఆ లెక్కలో లేదని పని చేస్తూ ఉంటే తెలిసింది. తలకట్టు ఎక్కడ మొదలై ఎటు వెళ్తుంది, ఒత్తు ఎంత కిందికి దిగుతుంది, ఒకే అక్షరం ఒక మాటలో రెండుసార్లు వస్తే రెండోది ఎలా ఉంటుంది, ఈ మూడూ కుదరాలి. అవి కుదిరితే అక్షరం కాస్త వంకర పోయినా మనిషి రాసినట్టే ఉంటుంది. కుదరకపోతే ఎంత అందంగా గీసినా రబ్బరు స్టాంపు వరసగా కొట్టినట్టు ఉంటుంది.

నేను చేసేది డీటీపీ, పుస్తకాల లేఅవుట్. వాటిలో పిల్లల కథల పుస్తకాలు ఎక్కువ. కథలో అమ్మమ్మ ఉత్తరం రాస్తుంది, పాప డైరీ రాసుకుంటుంది, కొట్టు ముందు పలక మీద ధరలు ఉంటాయి. ఇలాంటి చోట మామూలు అచ్చు అక్షరం వేస్తే కథలో ఉన్న మనిషి కనపడకుండా పోతాడు. ఇంగ్లీషు పుస్తకమైతే క్యాజువల్ స్క్రిప్ట్ ఫాంట్లు, అంటే మామూలు చేతిరాతలా ఉండేవి, కావలసినన్ని దొరుకుతాయి. తెలుగులో వెతకడం మొదలుపెడితే కాసేపటికే జాబితా అయిపోతుంది.

అలాగని ఏమీ లేవని కాదు. బాపు గారి దస్తూరి మనందరికీ తెలుసు. ఆ రాత ఫాంట్లుగా కూడా వచ్చి పెళ్ళి శుభలేఖల నుంచి షాపు బోర్డుల దాకా పాకింది. సిలికానాంధ్ర వాళ్ళు ఉచితంగా ఇచ్చిన ఫాంట్లలో లక్కిరెడ్డి లాంటిది చేతిరాత తరహాలో ఉంటుంది, గూగుల్ ఫాంట్స్‌లో ఎవరైనా తీసుకోవచ్చు. ఆ పని మీద నాకు చాలా గౌరవం ఉంది. కానీ బాపు అక్షరం కనిపించగానే బాపు బొమ్మే గుర్తొస్తుంది. అంత బలమైన వ్యక్తిత్వం ఉన్న రాతను ఒక చిన్న పాప డైరీకి వాడలేం. నాకు కావలసింది ఎవరిదో తెలియని, మన ఇంట్లోనే ఎవరో రాసినట్టుండే మామూలు రాత.

ఇంగ్లీషు లిపి వాడే దేశాల వాళ్ళు ఈ పని ఎలా చేశారో ముందు చూశాను. ఫ్రాన్స్‌లో రోజర్ ఎక్స్‌కాఫోన్ 1953లో తన సొంత చేతిరాత ఆధారంగా మిస్ట్రల్ అనే ఫాంట్ చేశాడు. సీసపు అచ్చు దిమ్మలతో కూడా అక్షరం తోక పక్క అక్షరానికి సరిగ్గా అందేలా కుదిర్చాడు. ఎంతసేపు చూసినా తనివి తీరని పని అది. అక్కడ చేతిరాత అంటే ప్రధానంగా కలిపిరాత, కాబట్టి అక్షరాన్ని అక్షరంతో ఎలా కలపాలన్నదే వాళ్ళ ముందున్న పెద్ద ప్రశ్న. తెలుగులో ఎంత వేగంగా రాసినా క పక్కన ల కలవదు. మన దగ్గర కలిసేది ఒక్కో అక్షరం లోపలే. తలకట్టు అక్షరంతో కలిసిపోతుంది, గుడి కలిసిపోతుంది, కొమ్ము కలిసిపోతుంది. రెండు మూడు విరుపుల్లో రాయాల్సిన అక్షరాన్ని చెయ్యి ఎత్తకుండా ఒక్క విసురులో రాసేస్తాం. అందుకని వాళ్ళ పద్ధతి నాకు ధైర్యం ఇచ్చిందే కానీ దారి చూపలేదు.

రాత మా అక్కది. ఖమ్మం జిల్లాలో ప్రైమరీ స్కూల్ టీచర్. బోర్డు మీద గుండ్రంగా, నోట్ బుక్‌లో వేగంగా, రెండు రకాలుగా రాస్తుంది. నాకు కావలసింది రెండోది. అడిగితే, "నా రాతలో ఏముందిరా, కావాలంటే శుభ్రంగా రాసిస్తాలే" అంది. శుభ్రంగా రాయొద్దు అక్కా అని బతిమాలాల్సి వచ్చింది. గడులు గీసిన కాగితం ఇచ్చి ఒక్కో గడిలో ఒక్కో అక్షరం రాయమంటే ఎవరైనా కాపీ పుస్తకం చేతికి వచ్చేస్తారు. ఫాంట్ తయారుచేసే యాప్‌లు చాలావరకు ఈ గడుల పద్ధతినే అడుగుతాయి. దాని వల్ల రాతలో ఉన్న నడక పోతుంది. అందుకని గడులు పక్కన పెట్టి అక్క పాఠ్య ప్రణాళికలు, సరుకుల చీటీలు, పిల్లల తల్లిదండ్రులకు రాసిన నోట్లు తీసుకున్నాను. మామూలుగా రాసేటప్పుడు రాని ఘ, ఝ, ఞ, ఱ లాంటి వాటికి మాత్రం వాక్యాలు తయారుచేసి ఇచ్చాను. ఝాన్సీ, ఝంకారం, విజ్ఞానం, జంఝాటం... అక్షరం కోసం రాస్తున్నానన్న ధ్యాస లేకుండా మాట రాస్తే చెయ్యి దాని దారిన అది పోతుంది.

పెన్ను విషయంలో కాస్త ఆలోచించాను. బాల్ పెన్ గీత స్కాన్‌లో మరీ సన్నగా, తెగుతూ వస్తుంది. లావు మార్కర్ ఇస్తే అక్షరం పెద్దది రాయాలి, పెద్దది రాస్తే వేళ్ళు కాదు, మణికట్టు, మోచెయ్యి కదులుతాయి. అప్పుడు అది వేరే రాత. అందుకని మామూలు సైజులోనే సన్న మొన స్కెచ్ పెన్‌తో రాయమన్నాను. గీత అంతటా ఒకే మందం, చివర గుండ్రం. రూళ్ళ నోట్ బుక్‌లో రాసినా ఇబ్బంది లేదు. రూళ్ళు నీలం, సిరా నలుపు అయితే 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) కలర్ స్కాన్ తీసి, అందులోని ఎరుపు, పచ్చ, నీలం చానళ్ళలో నీలం ఒక్కటే చూస్తే రూళ్ళు దాదాపు మాయమై నల్ల గీత మిగులుతుంది.

తర్వాత గీతల పని. సాఫ్ట్‌వేర్‌తో దానంతట అదే ట్రేస్ చేయిస్తే కాగితం మీది ప్రతి గరుకూ ఒక పాయింట్, అంటే గీత వంపును పట్టి ఉంచే గుర్తు, అయి కూర్చుంటుంది. స్కాన్‌ని వెనక పెట్టుకుని ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే ప్రోగ్రాములో చేత్తోనే గీశాను. వంపు చివర్లలో మాత్రమే పాయింట్లు, మధ్యలో వీలైనంత తక్కువ. మన అక్షరాలన్నీ వంపులే కాబట్టి ఒక్క పాయింట్ ఎక్కువైనా అక్కడ చిన్న గతుకు కనిపిస్తుంది, శుభలేఖ సైజులో చూస్తే ఇంకా బాగా కనిపిస్తుంది. అక్షరాలు సిద్ధమయ్యాక ఫాంట్‌ఫోర్జ్ అనే ఫాంట్లు తయారుచేసే ప్రోగ్రాములోకి తెచ్చాను. అది ఉచితం, తెలుగుకు కావలసిన నియమాలన్నీ అందులో రాసుకోవచ్చు.

ఇక తలకట్టు. ఈ పనిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే. అచ్చు ఫాంట్లో తలకట్టు అంటే ఒకసారి గీసి అన్నిటి మీదా పెట్టే ముక్క. అక్క రాతలో తలకట్టు త, ర, న మీద ఒక్క విసురులో కుడివైపుకు ఎగురుతుంది. క మీద కాస్త పొట్టిగా ఉంటుంది. ప, ష, స మీద అక్షరానికి తగలకుండా విడిగా తేలుతుంది. ఒకే ముక్కను అన్నిటికీ అతికిస్తే వాక్యం మొత్తం మీద ఒకే గుర్తు వరసగా కనిపించి యంత్రం బయటపడిపోతుంది. అందుకని ఒక్కో గుంపుకు ఒక్కో తలకట్టు గీశాను. ఇంకో చిక్కు, తలకట్టు లేని అక్షరాలది. ఖ, జ, ట, ణ, బ, ల పైన ఏమీ ఉండదు. బలం, జలజ లాంటి మాటలు వచ్చినప్పుడు పైన ఒక్కసారిగా ఖాళీ పడి ఆ మాట కిందికి జారినట్టు కనిపిస్తుంది. అక్క చెయ్యి దీన్ని తెలియకుండానే సర్దుకుంటుంది, ఆ అక్షరాలను కొంచెం ఎత్తుగా రాస్తుంది. నేనూ అలాగే పెంచాను.

గుణింతాల్లో ఏవి విడి ముక్కలుగా ఉంచాలి, ఏవి హల్లుతో కలిపి పూర్తి అక్షరంగా గీయాలి అన్నది ముందే తేల్చుకోవాలి. దీర్ఘం, కొమ్ము లాంటివి చాలావరకు ముక్కలుగా కుదిరాయి. గుడి, గుడిదీర్ఘం, ఎత్వం, ఏత్వం, ఒత్వం, ఓత్వం, ఔత్వం, పొల్లు మాత్రం హల్లుతో కలిపే గీశాను, ఎందుకంటే చేతిరాతలో కి అన్నది క మీద పెట్టిన గుడి కాదు, మొదటి నుంచి చివరి దాకా ఒకే గీత. 36 హల్లులకు ఈ ఎనిమిది అంటే 288 అక్షరాలు. నెలల తరబడి రాత్రిళ్ళు వీటికే పోయాయి. మధ్యలో మినహాయింపులు వస్తాయి. ప, ఫ, వ లకు కొమ్ము కిందుగా వేరేలా వస్తుంది. వ పక్కన మామూలు కొమ్ము పెడితే అది మ అయి కూర్చుంటుంది. ఘ, మ, య లకు ఒత్వం, ఓత్వం మిగతా వాటిలా పైన రావు, మొ, యో అని రాసి చూస్తే తేడా తెలుస్తుంది. ఐత్వం రెండు ముక్కలు, పైన ఒకటి, కింద ఒకటి. కింద ఒత్తు కూడా ఉంటే రెండూ ఢీకొంటాయి. పొల్లును తక్కువగా చూడొద్దని కూడా చెప్పాలి. ఇప్పుడు మనం రాసే తెలుగులో బస్, ఫోన్, స్కూల్, టీచర్ లేని వాక్యం అరుదు. పాత పుస్తకాల్లో ఎప్పుడో వచ్చే పొల్లు ఇప్పుడు ప్రతి లైన్లో ఉంది.

ఒత్తుల దగ్గర చేతిరాత గుణం పూర్తిగా బయటపడుతుంది. చాలా హల్లులకు ఒత్తు అంటే తలకట్టు తీసేసిన చిన్న అక్షరమే. త, న, మ, య, ర, ల ఒత్తులకు మాత్రం అసలు అక్షరంతో పోలికే ఉండదు. అక్క న ఒత్తు ఒక చిన్న కొక్కెం, య ఒత్తు కుడి వైపుకు పొడవుగా సాగి పక్క అక్షరం కిందికి వెళ్ళిపోతుంది. క్రావడి అక్షరం కిందుగా పోయి ఎడమవైపు పైకి చుట్టుకుంటుంది. దాని వెడల్పు అక్షరాన్ని బట్టి మారాలి, గ్ర కు సరిపోయింది ఘ్ర కు చాలదు. అందుకని రెండు మూడు వెడల్పుల్లో గీసి ఏ హల్లుకు ఏది రావాలో నియమం రాశాను. స్త్రీ, రాష్ట్రం, లక్ష్మి, వస్త్రం లాంటి మాటల్లో రెండేసి ఒత్తులు వస్తాయి. వాటిని ఒకదాని కింద ఒకటి పెడితే లైను ఎత్తు భరించలేనంత పెరుగుతుంది. చేత్తో రాసేటప్పుడు అక్క రెండో ఒత్తును కుడికి జరిపేస్తుంది. ఫాంట్లోనూ అదే చేశాను. ఈ ఒక్క మార్పుతోనే పేజీ కుదురుగా కనిపించడం మొదలైంది.

కీబోర్డులో క్త అని కొడితే లోపలికి వెళ్ళేది మూడు సంకేతాలు, క, పొల్లు, త. పొల్లు తర్వాత హల్లు వస్తే ఆ రెండూ కలిపి ఒత్తు బొమ్మగా మార్చమని ఫాంట్ లోపల నియమాలు ఉంటాయి, వాటిని రాసే ఫాంట్ పద్ధతి పేరు ఓపెన్‌టైప్. వాటిని చదివి అమలు చేసేది ఫోన్‌లో, బ్రౌజర్‌లో ఉండే షేపింగ్ ఇంజన్. ఆండ్రాయిడ్, క్రోమ్, ఫైర్‌ఫాక్స్, లిబ్రెఆఫీస్ అన్నిట్లో అది హార్ఫ్‌బజ్. విండోస్‌కూ, ఆపిల్‌కూ వాటివి వేరే. కాబట్టి ఒక్క చోట బాగా కనిపించిందని సంబరపడకుండా అన్నిట్లో చూడాలి. సాఫ్ట్‌వేర్ అన్న మాటలో ట్ కింద వ ఒత్తు పడకుండా మధ్యలో కంటికి కనపడని విడదీసే సంకేతం ఒకటి పెడతారు. ఫాంట్లో దానికి కూడా ఖాళీ బొమ్మ ఉంచితే పాత ప్రోగ్రాముల్లో ఆ చోట డబ్బా గుర్తు పడదు.

ఇప్పుడు రెండోసారి వచ్చే అక్షరం సంగతి. నాన్న, అమ్మమ్మ, సంబంధం. ఏ మనిషీ నాన్నలో రెండు న లను ఒకే అచ్చులో రాయడు. అక్క రాతలో సంబంధం చూస్తే మొదటి సున్న చిన్నది, పైన కాస్త తెరుచుకుని ఉంటుంది. చివరి సున్న పెద్దది, నిండుగా మూసుకుని ఉంటుంది. ఎక్కువగా వచ్చే న, ర, ల, క, త, మ, సున్నలకు రెండేసి, మూడేసి రూపాలు గీశాను. సందర్భాన్ని బట్టి రూపం మార్చే నియమం ఓపెన్‌టైప్‌లో ఉంది. దగ్గరలో అదే అక్షరం వచ్చి ఉంటే రెండో రూపం వాడమని చెప్పొచ్చు. ఇది పెట్టకముందు, పెట్టాక ఒకే పేరాను అచ్చు తీసి అక్కకు చూపించాను. రెండో కాగితం చూసి, "ఇది నేనెప్పుడు రాశాను?" అని నిజంగానే అడిగింది. నాకు కళ్ళు చెమర్చాయి.

లైన్ల మధ్య ఎడం గురించి ఒక్క మాట. తెలుగుకు పైన గుడి, కింద ఒత్తు, రెండు వైపులా చోటు కావాలి. ఫాంట్లో పైహద్దు, కిందిహద్దు అంకెలు ఉంటాయి. కిందిహద్దు తక్కువ పెడితే విండోస్‌లో కొన్ని ప్రోగ్రాములు ఒత్తుల అడుగు కత్తిరించేస్తాయి. మరీ ఎక్కువ పెడితే లైన్లు దూరమై ఉత్తరం ఉత్తరంలా ఉండదు. రాష్ట్రం, స్త్రీ, లక్ష్మి అన్న మాటలను ఒక లైన్లో, వాటి కింద కీర్తి, హైదరాబాద్, ఔషధం అన్న మాటలను ఇంకో లైన్లో పెట్టి చూస్తే ఎంత చాలో తెలిసిపోతుంది.

ప్రెస్సుల సంగతి వేరు. మన ఊళ్ళలో చాలా ప్రెస్సులు ఇప్పటికీ పేజ్‌మేకర్ అనే పాత లేఅవుట్ ప్రోగ్రాము మీద నడుస్తున్నాయి. దాని చివరి పెద్ద వెర్షన్ 7.0 వచ్చింది 2001లో, అందులో యూనికోడ్, అంటే అన్ని భాషల అక్షరాలకూ ఉన్న ఉమ్మడి సంకేతాల పద్ధతి, లేదు. ఆ ప్రెస్సుకు ఇలాంటి ఫాంట్ ఫైలు ఇచ్చి లాభం లేదు, అక్షరాలను గీతలుగా మార్చి పీడీఎఫ్ ఇవ్వాలి. ఇన్‌డిజైన్ అనే లేఅవుట్ ప్రోగ్రాము వాడేవాళ్ళు అందులో వరల్డ్ రెడీ కంపోజర్ అన్న సెట్టింగ్ ఎంచుకోవాలి, లేకపోతే ఒత్తులు విడిపోయి కనిపిస్తాయి.

వాడకంలో ఈ ఫాంట్ నేను అనుకున్న చోట్లకే కాకుండా ఇంకా చాలా చోట్లకు వెళ్ళింది. కథల పుస్తకంలో ఉత్తరాలు, డైరీలు సరే. ఊరగాయల సీసా మీద లేబుల్, టిఫిన్ సెంటర్ లోపల ఈ రోజు స్పెషల్ కార్డు, రిటైర్మెంట్ సభకు గ్రీటింగ్ కార్డు, వీడియోల ముందు బొమ్మ మీద రెండు మాటలు, వీటికి బాగా నప్పుతుంది. శుభలేఖలో పేర్లకు, ముహూర్తానికి నేనైతే వాడను. వెనక పేజీలో "మా ఇంటికి దారి" అని గీసే చిన్న మ్యాప్‌లో వాడతాను. మందుల వివరాలు, దరఖాస్తులు, పేజీల కొద్దీ చదవాల్సిన వ్యాసం, వీటి జోలికి వెళ్ళకూడదు. 14 పాయింట్ కన్నా చిన్నదైతే ఖ, ఘ, ఝ, శ లోపలి వంపులు పూడుకుపోతాయి. ద, ధ, థ ల మధ్య తేడా అంతా ఒక చుక్క, ఒక చిన్న గీత. ర కు, ఠ కు మధ్య కూడా చుక్కే తేడా. చిన్న సైజులో ముందు పోయేవి అవే. చుక్కను అక్క పెట్టినదానికన్నా కొంచెం పెద్దది చేశాను, చదివేవాళ్ళ కోసం ఆ మాత్రం స్వతంత్రం తీసుకోవడం సబబే.

ఒకటో తరగతి గోడ చార్టులకు వాడతావా అని అక్కను అడిగితే వద్దంది. "అక్షరం నేర్చుకునే పిల్లలకు పూర్తి అక్షరం కనపడాలిరా. తలకట్టు అక్షరంతో కలిసిపోయింది చూపిస్తే వాళ్ళు ఎక్కడ మొదలుపెట్టాలో తెలుసుకోలేరు. మూడో తరగతి దాటాక ఇస్తే, ఇంట్లో పెద్దవాళ్ళు రాసింది చదవడం అలవాటవుతుంది." ఈ మాట నాకు చాలా విలువైనదిగా తోచింది. చేతిరాత చదవడం కూడా నేర్పాల్సిన విద్యే. ఇప్పుడు ఐదో తరగతి పిల్లలకు చదివే కార్డులు ఈ ఫాంట్లోనే చేసి ఇస్తున్నాను.

ఈ ఫాంట్‌ను అందరికీ ఇవ్వాలా వద్దా అన్న దగ్గర కొంత టెన్షన్ పడ్డాం. ఒకరి రాతను ఫాంట్ చేసి వదిలితే ఎవరైనా ఆ రాతలో ఏమైనా రాయొచ్చు. టీచరు రాసినట్టు తప్పుడు చీటీ తయారుచేయొచ్చు. అందుకని అక్క సంతకంలో వచ్చే రెండు అక్షరాల ప్రత్యేకమైన విసుర్లను పూర్తిగా మార్చేశాను, పేరు రాసే తీరు ఫాంట్లో ఎక్కడా లేకుండా చూశాను. ఫాంట్ పేరులోనూ అక్క పేరు పెట్టలేదు. వేరేవాళ్ళ రాతతో చేయాలనుకునేవాళ్ళు అక్షరం గీయడానికి ముందే ఈ విషయం వాళ్ళతో కూర్చుని మాట్లాడాలని గట్టిగా చెబుతాను. ఇవన్నీ సర్దుకున్నాక ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కింద పెడదామని ఇద్దరం అనుకున్నాం. ఆ లైసెన్స్ ప్రకారం ఎవరైనా వాడొచ్చు, మార్చొచ్చు, పుస్తకాల్లో, సాఫ్ట్‌వేర్‌లో కలిపి ఇవ్వొచ్చు, ఫాంట్‌ను మాత్రం విడిగా అమ్ముకోకూడదు.

ఇంకా ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు మిగిలి ఉన్నాయి. ఫోన్ నంబరు, తారీఖు లేని చీటీ ఉండదు కాబట్టి ముందు అంకెలు పట్టుకున్నాను. అక్క ఏడు మీద అడ్డగీత పెడుతుంది, దాన్ని అలాగే ఉంచుతున్నాను.